లాక్‌డౌన్‌లో ఇంట్లోనే వ్యాయామం చేసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఫిట్‌నెస్‌లో అసలు తగ్గిందేమిటి?

ట్రెడ్‌మిల్, సైకిల్ ఇంటికే తెప్పించుకుని రోజూ చెమటోడ్చిన వృత్తి ఆటగాళ్లు 2020లో మైదానానికి తిరిగి రాగానే ఎందుకు గాయపడ్డారని మీరు అడిగారు. ఆ కాలంలో హైదరాబాద్‌లో కొందరు క్లబ్ ఆటగాళ్లకు ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఇంటి వ్యాయామం వారి దమ్మును చాలావరకు నిలబెట్టింది గాని, పూర్తి వేగంతో పరుగెత్తి ఒక్కసారిగా ఆగగల సామర్థ్యాన్ని నిలబెట్టలేకపోయింది.

సాధన పూర్తిగా మానేసినవారిలో మొదట తగ్గేది కండ కాదు, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా. కొద్ది రోజుల్లోనే దాని పరిమాణం పడిపోవడంతో, గుండె ఒక్కో స్పందనలో పంపే రక్తం కూడా తగ్గి, అదే పరుగుకు అది మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. సుశిక్షితులైన క్రీడాకారుల్లో నాలుగు వారాల లోపు విరామానికే దమ్ముకు కొలమానమైన గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 4 నుంచి 14 శాతం దాకా తగ్గవచ్చు. అయితే లాక్‌డౌన్‌లో వృత్తి ఆటగాళ్లెవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నా దగ్గరి ఒక మిడ్‌ఫీల్డర్ ఛాతీకి హార్ట్‌రేట్ బెల్టు కట్టుకుని అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగుతూ, ఆ అంకెలను రోజూ వాట్సాప్‌లో పంపేవాడు (కింది ఫ్లాటువారి ఫిర్యాదులు కూడా వాటితోపాటే అందేవి). అనుమతులు వచ్చాక మైదానంలో నిదానంగా పరుగెత్తించి చూస్తే, అతని గుండె వేగం పాత స్థాయికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

చిక్కంతా తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలతో వచ్చింది. పూర్తి వేగంలో కాలు ముందుకు వెళ్లినప్పుడు, పాదం నేలను తాకబోయే క్షణంలో, ఆ కండరం ఒకవైపు సాగుతూనే మరోవైపు కాలి ఊపును అదుపు చేయాలి. మెట్లెక్కడంలోగాని, ట్రెడ్‌మిల్ మీద నిలకడగా పరుగెత్తడంలోగాని ఆ స్థాయి ఒత్తిడి పడదు. డ్రాయింగ్ రూములో స్ప్రింట్ తీయడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకని నార్డిక్ వ్యాయామాన్ని పట్టుబట్టి చేయించాను. మోకాళ్ల మీద నిలబడి, మడమలను ఎవరైనా గట్టిగా పట్టుకోగా, ఒంటిని మెల్లగా ముందుకు వాల్చడమే ఆ వ్యాయామం. మడమలు పట్టుకునే పని తమ్ముళ్ల మీద, భార్యల మీద పడింది. ఎవరూ లేనివారు మంచం పట్టె కింద కాళ్లు దూర్చుకున్నారు. దానివల్ల మేలు తప్పక ఉంటుంది, కాని అది స్ప్రింట్‌కు బదులు కాదు. అదే మిడ్‌ఫీల్డర్ నిదానపు పరుగులన్నీ ఉత్సాహంగా ముగించి, ఒకరోజు ముందుకు వెళ్లిన బంతి కోసం ఒక్కసారి వేగం పెంచి, తొడ వెనక చెయ్యి వేసుకుని ఆగిపోయాడు. ఆ రోజు కూడా అతనికి ఆయాసం లేదు.

కండరాలను ఎముకలకు కలిపే టెండన్లు ఆ కండరాలకంటే నెమ్మదిగా బలపడతాయి కాబట్టి వాటికి ముప్పు ఇంకా ఎక్కువ. ఆట వేరైనా ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పాలి. అమెరికాలో 2011లో యాజమాన్యాలతో వివాదం వల్ల అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లకు నెలల తరబడి క్లబ్ శిక్షణ ఆగిపోయింది; శిబిరాలు తెరిచాక 29 రోజుల్లో 12 మందికి మడమ పైనుండే అకిలిస్ టెండన్ తెగింది.

2020 మార్చి 13న ఆగిన జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుందెస్‌లీగా మే 16న తిరిగి మొదలైంది. ఆ రోజే డార్ట్‌మండ్ క్లబ్ ఆటగాడు జియో రేనా షాల్కె క్లబ్‌తో మ్యాచ్‌కు ముందు వార్మప్‌లోనే గాయపడి తప్పుకున్నాడు. అక్కడ ఏప్రిల్‌లోనే చిన్న బృందాలుగా సాధన మొదలైనా, ముఖాముఖి పోటీతో నిండిన పూర్తి జట్టు సాధనకు మిగిలిన సమయం చాలా తక్కువ. మ్యాచ్‌లు వరసగా ఆడవలసి వస్తుందని గ్రహించి, ఆట నిబంధనలను నిర్ణయించే ఐఎఫ్‌ఏబీ మే 8న ఐదుగురు సబ్‌స్టిట్యూట్లకు అనుమతి ఇచ్చింది. నా దృష్టిలో అది ఆ ఏడాది తీసుకున్న అత్యంత వివేకవంతమైన నిర్ణయం. మన ఇండియన్ సూపర్ లీగ్ నవంబర్ 20న గోవాలో మొదలైంది కనుక, మన క్లబ్బులకు ఆ హడావుడి కొంత తప్పింది.

బరువు పెరగడం, నిద్రవేళలు మారడం కూడా చూశాను గాని, అవి త్వరగానే సర్దుకున్నాయి. ఇప్పుడు ఏ కారణంతో సుదీర్ఘ విరామం వచ్చినా, ఇంటి దగ్గర నేరుగా ముప్పై, నలభై మీటర్లు పరుగెత్తగల చోటు ఉందా అని ఆటగాణ్ణి ముందుగా అడుగుతాను. ఉంటే వారానికి రెండుసార్లు, తక్కువ వేగంతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ, అక్కడ స్ప్రింట్లు తీయిస్తాను; లేకపోతే, తిరిగి వచ్చాక బంతితో ఆడించే ముందు ఆ పనికి కొన్ని వారాలు కేటాయించమని కోచ్‌ను కోరతాను.