ముందు ఉప్పు సంగతి తేల్చుకో

భీమవరం

చిరంజీవి శిరీషకి మావయ్య ఆశీస్సులు.

సీ అర్చిన్ల (ఒళ్ళంతా ముళ్ళుండే సముద్రజీవుల) గుడ్లకి ఎక్స్‌రే పెట్టి, ఆ దెబ్బని రకరకాల ఉప్పు ద్రావణాలు ఎలా మారుస్తాయో చూస్తానన్న నీ ప్లాను చదివాను. ఎక్స్‌రే డోసుల మీద రెండు పేజీలు నింపి, నీళ్ళ సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు. ముందు నీళ్ళు చూడవే.

నీక్కావలసిన రకం సీ అర్చిన్లు రాళ్ళ తీరంలో ఉంటాయి. మన డెల్టా ఒడ్డంతా బురదా ఇసుకానూ. విశాఖ నుంచి తెచ్చుకుంటానన్నావు, మంచిదే. నీళ్ళు మాత్రం కాకినాడలో పట్టుకుంటానంటే కుదరదు. సముద్రంలో మామూలుగా లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటుంది. గోదావరికి వరదొచ్చే నెలల్లో మన ఒడ్డున ఆ లెక్క నిలవదు. చెరువులో రొయ్యపిల్ల వదిలే రైతు కూడా రిఫ్రాక్టోమీటరు మీద చుక్క వేసి సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పెంతో, చూసుకుంటాడు, నువ్వు చూడకపోతే ఎలా? సీ అర్చిన్ గుడ్డుకి గట్టి పెంకు లేదు. ఉప్పు తగ్గితే ఉబ్బుతుంది, పెరిగితే ముడుచుకుంటుంది. అలాంటి గుడ్డు ఫలదీకరణ తర్వాత ఆలస్యంగా రెండు కణాలుగా చీలితే నేరం ఎక్స్‌రే మీద మోపేస్తావు.

ద్రావణాలన్నీ సమానమైన గ్రాముల్లో కలపొద్దు. సోడియం క్లోరైడు నీళ్ళలో రెండు అయాన్లుగా విడిపోతుంది, కాల్షియం క్లోరైడు మూడుగా. గుడ్డు ఉబ్బకుండా, ముడుచుకోకుండా ఉండాలంటే అన్నిటిలోనూ అయాన్ల మొత్తం సమానంగా ఉండాలి. మొదటిది 0.53 మోలార్ (లీటరుకి 0.53 మోల్) అయితే రెండోది 0.35 దగ్గర ఉండాలి. అప్పుడే తేడా వస్తే అది ఫలానా అయాను వల్లేనని అనగలవు. గుడ్లు పెట్టించడానికి సూదితో ఎక్కించేది కూడా 0.5 మోలార్ పొటాషియం క్లోరైడే, అందుకని తర్వాత బాగా కడుగు.

ఎక్స్‌రే తగలని గుడ్లని కూడా ప్రతి ద్రావణంలోనూ ఉంచు. వాటిలో కొన్నిటికి వీర్యం కలపకు. 1899లో జాక్ లోబ్ అనే జీవశాస్త్రవేత్త మెగ్నీషియం క్లోరైడు కలిపిన సముద్రపు నీళ్ళతో, వీర్యం లేకుండానే ఈ గుడ్లని ఎదిగించాడు మరి!

అన్నిటికన్నా గడియారంతో జాగ్రత్త. ఎక్స్‌రే తగిలిన గుడ్డులో మొదటి చీలిక ఆలస్యమవుతుంది. ఫలదీకరణకి ముందు కాసేపు ఆగితే ఆ ఆలస్యం తగ్గుతుందని 1930ల్లో హెన్షా అనే శాస్త్రవేత్త ఆర్బేసియా అనే రకం సీ అర్చిన్ గుడ్ల మీద చూపించాడు. అంటే గుడ్డు తనంతట తానే కోలుకుంటోంది. ఒక గిన్నెని మూడుసార్లు, ఇంకోదాన్ని ఒక్కసారే కడిగావనుకో, ఎక్కువసేపు ఆగిన గిన్నె ఘనత ఉప్పుకి కట్టబెడతావు. అన్ని గిన్నెలకీ ఒకే వ్యవధి, ఒకే ఉష్ణోగ్రత.

ఎక్స్‌రేకి ముందు ఉప్పులో ఉంచితే దెబ్బ తగ్గిందా అన్నది ఒక ప్రశ్న, తర్వాత ఉంచితే కోలుకోవడం మారిందా అన్నది ఇంకొకటి. రెండూ కలిపేశావు. ఈ ఏడాదికి ఒకటే చెయ్యి, నన్నడిగితే రెండోది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు కంట్రోలు గుడ్ల, అంటే ఎక్స్‌రే తగలనివాటి, లెక్కలు తీసుకురా. ఎక్స్‌రేవి ఆ తర్వాత చూద్దాం.

మీ మావయ్య