ఇళ్ల మధ్య బెలూన్ దించేటప్పుడు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీకు బెలూన్ పైలట్ సర్టిఫికెట్ వచ్చిందని మీ అమ్మ గుంటూరు నుంచి ఫోను చేసి చెప్పింది. ఆమె గొంతులో సంతోషం ఎంత ఉందో దిగులూ అంతే ఉంది. ఇక మీద పక్కన శిక్షకుడు ఉండడు. బుట్టలో నీ స్నేహితులు ఉంటారు, కింద అమెరికాలోని మన అల్బుకర్కీ నగరం ఉంటుంది. ఎగరడం గురించి నీకు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. దిగడం గురించి, అందులోనూ ఇళ్ల మధ్య దిగడం గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా ఒక మాట గట్టిగా పట్టుకో. దిగదగ్గ చోటు ఎదురైతే దిగిపో. ముందుకు పోతే ఇంతకంటే మంచిది దొరుకుతుందేమోనని వదులుకోకు. బడి మైదానం దాటేశావు, అవతల పార్కు ఉందిలే అనుకున్నావు. ఈలోగా గాలి కాస్త తిరిగితే చాలు, పార్కు పక్కకు తప్పుకుంటుంది, ఎదురుగా ఇళ్ల కప్పులే మిగులుతాయి. బెలూన్‌కు చుక్కాని లేదు, వెనక్కి మళ్లడం లేదు. పైకి, కిందికి తప్ప మన చేతిలో ఏదీ లేదు.

అందుకే సిలిండర్లలో గ్యాసు బాగా ఉండగానే చోటు వెతకడం మొదలుపెట్టు. రెండు మూడు సార్లు దిగబోయి, బాగాలేదని మళ్లీ పైకి లేవడానికి సరిపడా ప్రొపేన్ మిగిలి ఉండాలి. ఒక్కసారి దిగడానికే సరిపోయే గ్యాసుతో ఊరి నడుమ చిక్కుకుంటే నచ్చిన చోటు ఎంచుకునే అవకాశం ఉండదు, దొరికిన చోట పడాల్సిందే. పొద్దు విషయమూ అంతే. సూర్యోదయమైన రెండు మూడు గంటల్లో ఈ ఎడారి నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలవుతుంది. ఆ తరువాత కిందికి దిగే బెలూన్ నీ మాట వినదు. అప్పటికి బెలూన్ గుడ్డ మడత పెట్టి సంచిలో ఉండాలి.

గాలి గురించి నువ్వు చదువుకున్నదే మళ్లీ గుర్తు చేస్తాను. చల్లని ఉదయాల్లో రియో గ్రాండే లోయ వెంట కింది గాలి దక్షిణానికి జారుతుంది, దాని పైన గాలి ఎదురు దిశలో వీస్తుంది. ఇక్కడివాళ్లు దీన్ని ‘బాక్స్’ అంటారు. 1972లో 13 బెలూన్లతో మొదలైన ఫియెస్టా, అంటే బెలూన్ల పండుగ, ఈ ఊళ్లో వేళ్లూనుకోవడానికి ఈ గాలి ఎంతో తోడ్పడింది. కానీ అది రోజూ ఉండదు. దాన్ని నమ్ముకుని బయలుదేరిన చోటుకే తిరిగి వస్తానని ముందే లెక్క వేసుకోకు. సాధారణంగా ఉత్తరార్ధగోళంలో కిందికి దిగేకొద్దీ గాలి ఎడమకు తిరుగుతుంది. కాబట్టి నువ్వు దిగదలచిన మైదానం పైనుంచి చూసినప్పుడు తిన్నగా ఎదురుగా ఉంటే తృప్తి పడకు, కాస్త ఎడమ చేతివైపు ఉండాలి. లోయల్లో ఈ సూత్రం తప్పవచ్చు, అందుకే కళ్లతో చూసుకో. షేవింగ్ నురుగు చిన్న ముద్ద చేతితో విదిలించి వదిలితే అది పడుతూ ఏ ఎత్తులో ఎటు కొట్టుకుపోతుందో కనిపిస్తుంది. జెండాలు, పొగ, నీకంటే ముందు దిగుతున్న మరో బెలూన్ కూడా చెబుతాయి.

ఇంకొకటి. జనావాసాల మీద, చుట్టూ 2,000 అడుగుల లోపల ఉన్న అన్నిటికంటే ఎత్తైన అడ్డంకికి 1,000 అడుగుల పైన ఉండాలని ఇక్కడి నిబంధన. నేల మీంచి లేవడానికి, దిగడానికి అవసరమైనప్పుడు మాత్రమే మినహాయింపు. స్నేహితులకు పెరళ్లు దగ్గరగా చూపించాలని కిందికి రావడం ఆ మినహాయింపులోకి రాదు.

ఇక తీగల సంగతి. 2021 జూన్ 26న మన ఊళ్లోనే, పడమటి వైపు, ఒక బెలూన్ కరెంటు తీగలకు తగిలింది. బుట్ట ఊడి నేల మీద పడింది, అందులో ఉన్న 5 మందీ చనిపోయారు. 2016 జులై 30న టెక్సస్‌లో లాక్‌హార్ట్ దగ్గర 16 మంది పోయారు. 2012 జనవరి 7న న్యూజీలాండ్‌లో కార్టర్టన్ దగ్గర 11 మంది పోయారు. ఆ రెండు చోట్లా తీగలే.

పైనుంచి చూసేవారికి తీగ కనబడదు. వెనుక ఉన్న నేల రంగులో కలిసిపోతుంది. స్తంభం మాత్రం కనబడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే దాని నీడ పొడుగ్గా నేల మీద పడుతుంది. కాబట్టి తీగను వెతకకు, స్తంభాన్ని వెతుకు. స్తంభం దొరికాక దాని తల మీది అడ్డపట్టె ఎటు ఉందో చూడు, తీగలు ఆ పట్టెకు అడ్డంగా సాగుతాయి. స్తంభాన్ని నేలకు బిగించి ఒక ఏటవాలు తాడు కనిపిస్తే అక్కడ లైను మలుపు తిరుగుతోందనో, ముగుస్తోందనో అర్థం. ఒంటరిగా ఉన్న ఇల్లు కనిపిస్తే దానికి కరెంటు ఎటునుంచి వస్తోందో తేల్చుకునేదాకా దగ్గరికి పోకు. ప్రతి రోడ్డు పక్కనా తీగ ఉన్నట్టే లెక్క. పాత పేటల్లో అవి వీధిలో కాక ఇళ్ల వెనుక ప్రహరీల వెంట పోతుంటాయి, వీధి శుభ్రంగా కనబడుతుంది కాబట్టి మోసపోతాం. కొత్త కాలనీల్లో లైన్లు చాలావరకు భూమిలోపలే, అయినా కాలనీ అంచు చూడకుండా నమ్మకు. బుట్టలో ఉన్నవాళ్లకూ ఈ పని అప్పగించు. ఎవరికి స్తంభం కనిపించినా చేయి చాపి పైకి చెప్పాలి, నువ్వు ముందే చూసి ఉన్నా సరే.

తీగలను దాటాల్సి వస్తే ఎత్తు తగ్గిస్తూ దాటకు. సమంగా గానీ, పైకి లేస్తూ గానీ దాటు.

ఒకవేళ తగలడం ఖాయమని తెలిసిపోతే? పైకి లేపే మంట వేయడానికి చేయి దానంతట అదే బర్నర్ మీదికి పోతుంది. పోనివ్వకు. కార్టర్టన్ పైలట్ పైకి లేచి తప్పించుకోబోయాడు. వేగంగా కిందికి దించి ఉండాల్సిందని దర్యాప్తులో తేల్చారు. గాలి వదిలే తాడు పూర్తిగా లాగు. బుట్ట, బర్నర్, ఉక్కు తాళ్లు తీగల కిందికి పోవాలి, తగిలేది గుడ్డే కావాలి. బర్నర్‌ను అంటించే చిన్న మంటలు, అదే పైలట్ లైట్లు, ఆర్పు, సిలిండర్ వాల్వులు మూసెయ్యి. తీగలకు చిక్కి ఆగిపోతే, మంటలు అంటుకుంటే తప్ప, కరెంటు సంస్థవాళ్లు వచ్చి లైను ఆపామని చెప్పేదాకా ఎవరూ బుట్ట దిగకూడదు. కింద ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. ఈ మాట కింద కారులో నీ వెంట వచ్చే బృందానికి ఎగరక ముందే చెప్పు.

చివరి వంద అడుగుల్లో బరువు గుర్తుంచుకో. నీ బెలూన్‌లోని గాలి, బుట్ట, మనుషులు అన్నీ కలిస్తే రెండు టన్నులకు పైనే. వాలులో దిగే నిండు ఎడ్లబండి లాంటిది, ఆగాల్సిన చోటికి చాలా ముందే పట్టు బిగించాలి. బర్నర్ వేశాక ఆ వేడి పనిచేయడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

ఎక్కినవాళ్లకు నేల మీద ఉండగానే ఒకసారి, దిగే ముందు మరోసారి చెప్పు: మోకాళ్లు కొద్దిగా వంచాలి, వీపు ప్రయాణించే దిశకు ఉండాలి, లోపలి తాడు పిడులే పట్టుకోవాలి, గ్యాసు గొట్టాలు కాదు. నేల తగలగానే దూకకూడదు. 70 కిలోల మనిషి దిగిపోతే మిగిలినవాళ్లతో బెలూన్ మళ్లీ లేస్తుంది. కింద బుట్ట పట్టుకునేవాళ్లకు కూడా ఒకటే ఆజ్ఞ: కాళ్లు నేల విడిస్తే చేతులు వదిలెయ్యాలి, తాడు చేతికి చుట్టుకోకూడదు.

బుట్టకు చోటు చాలినంత మాత్రాన సరిపోదు, గుడ్డ పడుకోవడానికి కూడా గాలి వాలున బారుగా ఖాళీ ఉండాలి. గాలి లేని ఉదయమైతే గుడ్డ నిండుగా ఉంచి, బృందం బుట్టను పట్టుకుని పక్క మైదానంలోకి నడిపించుకుపోవచ్చు. ఇరుకు వీధిలో నేను ఎక్కువగా ఇష్టపడేది ఇదే.

ఆ ఇళ్లవాళ్లు మన అతిథులు కారు, మనమే వాళ్లకు అతిథులం. బర్నర్ చప్పుడుకు కుక్కలు బెదురుతాయి, గుర్రాలు కంచెలు దూకుతాయి. గుర్రపుశాల కనిపిస్తే ఎత్తులో ఉండగానే దాటిపో, లేదా చప్పుడు తక్కువ చేసే రెండో బర్నర్ వాడు. ప్రైవేటు స్థలంలో దిగితే కారు లోపలికి తెచ్చే ముందే బృందంలో ఒకరు తలుపు తట్టి అనుమతి అడగాలి. వద్దంటే వాదించకు. క్షమాపణ చెప్పి, సామాను చేతులతో మోసుకుని రోడ్డు మీదికి చేర్చండి. గేటు ఎలా ఉందో అలాగే మూసి రండి.

ఈ ఉత్తరంతో పాటు మన పడమటి పేటల మ్యాపు పంపుతున్నాను. ఎర్ర పెన్సిలుతో గీసినవి పెద్ద లైన్లు, పచ్చ చుక్కలు నేను దిగడానికి ఇష్టపడే మైదానాలు. వాటిలో రెండింటి చుట్టూ ఇటీవల కొత్త స్తంభాలు లేచాయి. శనివారం పొద్దున్నే ఖాళీగా ఉంచుకో, కారులో వెళ్లి వాటిని కింది నుంచి చూసి వద్దాం.

నీ మామయ్య