కంటి గీతకు యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే మానడం ఆలస్యమవుతుందా?

కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) మీద గీత పడితే డాక్టరు మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారనీ, వాటివల్ల గాయం త్వరగా మానదని ఎవరో భయపెట్టారనీ మీరు రాశారు. చుక్కలు వేసుకోండి. కాకపోతే రాసినన్ని సార్లే వేసుకోండి. ఈ రెండో మాట నేను అనుభవించి చెబుతున్నది.

రెండేళ్ల కిందట ధాన్యం తూర్పారబడుతుంటే కుడికంట్లో ఏదో పడింది. ఊరుకోకుండా నలిపాను. సాయంత్రానికి దీపం వైపు చూడలేకపోయాను. అమ్మ నందివర్ధనం పూలు తెచ్చి కంటి మీద పెట్టింది. చల్లగా హాయిగా ఉంది కానీ పొద్దున్నకు నొప్పి మళ్లీ మామూలే. మందుల షాపుకు వెళితే అతను కన్నయినా చూడకుండా ఒక సీసా చేతిలో పెట్టాడు. రెండు పూటలు వేసుకునేసరికి ఎరుపు తగ్గింది. నయమైపోతోందనుకున్నాను.

నొప్పి మాత్రం తగ్గకపోవడంతో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె రంగుమందు అద్దిన సన్నని కాగితపు పట్టీని కింది రెప్ప లోపల తాకించి, నీలి వెలుతురు వేసి చూశారు. ఫోనులో ఫొటో తీసి నాకూ చూపించారు. నల్లగుడ్డు మీద ధాన్యపు ముల్లుతో గీసినట్టు మెరుస్తున్న ఆకుపచ్చ గీత! పై పొర లేచిపోయిన చోటే ఆ రంగు పట్టుకుంటుందట. తర్వాత నా సీసా తీసుకుని చదివి తల పట్టుకున్నారు. అందులో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గించింది అదే. గాయం మానడాన్ని వెనక్కి లాగేదీ అదే. పైగా గడ్డి, ధాన్యం, మట్టి తగిలిన కళ్లకు ఫ్యూజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్ పట్టే ప్రమాదం ఉంటుంది. యాంటీబయాటిక్ వాటినేమీ చేయలేదు, స్టెరాయిడ్ వాటికి దారి ఇస్తుంది. మీ సీసా మీద పేరు ఒకసారి చదవండి.

ఆ సీసా మాన్పించి, నాకూ మీ మందే రోజుకు నాలుగుసార్లు రాశారు. త్వరగా తగ్గాలన్న ఆత్రంతో ఒక రోజంతా గంటకోసారి వేసుకున్నాను. కన్ను మంటెత్తిపోయింది. డాక్టరు నవ్వి, "పుండు పూడ్చేది మందు కాదండీ, చుట్టూ ఉన్న కణాలే జరిగి కప్పుకుంటాయి. ఈలోగా సూక్ష్మజీవి దూరకుండా మందు కాపలా కాస్తుంది" అన్నారు. చిన్న గీతయితే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో పూడిపోతుంది.

మిమ్మల్ని భయపెట్టినవారి మాటలోనూ కొంత నిజం ఉంది. జెంటామైసిన్, టోబ్రామైసిన్ లాంటి యాంటీబయాటిక్ చుక్కలు పదేపదే, చాలా రోజులు వేస్తే పై పొర కణాలు దెబ్బతింటాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ తరచుగా వేస్తే గాయం మీద తెల్లని పొడిలా పేరుకోవచ్చు. చాలా చుక్కల్లో నిల్వ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ కూడా కంటికి చికాకే. అయినా నాలుగైదు రోజుల వాడకంలో ఈ నష్టం చిన్నది. గీతలో ఇన్‌ఫెక్షన్ చేరితే చూపుకే ముప్పు.

ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికే జారుతుంది. వేశాక కళ్లు మూసుకుని ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. వేరే చుక్కలు కూడా ఉంటే అయిదు నిమిషాలు ఆగి వేయండి. నొప్పి తెలియకుండా కన్ను మొద్దుబార్చే చుక్కలు ఇంటికి ఇమ్మని మాత్రం అడగకండి, అవి గాయాన్ని మాననివ్వవు. తెల్లమచ్చ కనిపించినా, పుసులు పెరిగినా, చూపు మసకబారినా, రెండు రోజులకీ నొప్పి తగ్గకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారయితే అంతకంటే ముందే వెళ్లాలి.

నా గీత నాలుగోరోజుకు మానింది. రెండు నెలల తర్వాత ఒక పొద్దున కన్ను తెరవగానే అదే చోట చురుక్కుమంది. కొత్త పొర గట్టిగా అతుక్కోకపోతే, నిద్రలో రెప్పకు అంటుకుని మళ్లీ లేస్తుందట. దానికి రాత్రిపూట పెట్టుకునే ఆయింట్‌మెంట్ ఇచ్చారు. అందులో యాంటీబయాటిక్ లేదు, ఉన్నదల్లా కన్ను ఎండిపోకుండా చూసే జిడ్డే.