టెక్ సందేహాలు: డ్రైవర్ మింగిన ర్యామ్‌ని కక్కించేదెలా?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ముందేసుకుని చూస్తే సగానికి పైగా ఒకే ఊరికి పోయే బస్సుల్లా ఉన్నాయి. అడిగినవాళ్లకి తెలిసినా తెలియకపోయినా అన్నిట్లోనూ దొంగ డ్రైవరే, అంటే వైఫై, యూఎస్‌బీ లాంటివాటితో సిస్టమ్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్. అందుకే ఫోన్ స్టోరేజీ, వాట్సాప్ బ్యాకప్ సందేహాలు వచ్చేసారికి జరిపేశా, ఏమనుకోకండి.

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఒక అకౌంటెంట్ గారు): సార్, నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీ. కొత్తలో బాగానే ఉంటుంది, నాలుగైదు రోజులయ్యేసరికి ట్యాలీ, క్రోమ్ అన్నీ మూసేసినా 12 జీబీ వాడినట్టు చూపిస్తోంది. టాస్క్ మేనేజర్‌లో ఉన్నవన్నీ కూడితే 3 జీబీ కూడా రావట్లేదు. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నా. మిగతాది ఎవరు తింటున్నారు?

టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రోగ్రామ్‌ల లిస్టు వదిలేసి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమొరీ మీద నొక్కండి, కింద నాన్-పేజ్డ్ పూల్ (డిస్కుకి పంపకుండా ఎప్పుడూ ర్యామ్‌లోనే ఉంచాల్సిన మెమొరీ) అని ఒక అంకె ఉంటుంది. మామూలుగా అది కొన్ని వందల ఎంబీల్లో ఉంటుంది. మీది జీబీల్లోకి పోయి రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం ఏదో ఒక డ్రైవర్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) దగ్గర మెమొరీ తీసుకుంటూ పోతోంది, తిరిగివ్వట్లేదు అని అర్థం. ఈ మెమొరీ ఏ ప్రోగ్రామ్ ఖాతాలోనూ పడదు, అందుకే మీ కూడికలు తేలట్లేదు. మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలంటే సస్పెన్స్ అకౌంట్ అనుకోండి.

ట్యాలీయో క్రోమో మెమొరీ లీక్ చేస్తే పెద్ద గొడవ లేదు, మూసేయగానే విండోస్ వచ్చి ఆ ప్రాసెస్‌కి ఇచ్చినదంతా ఊడ్చి తీసేసుకుంటుంది. డ్రైవర్ అలా కాదు, అది కెర్నల్‌లోనే కూర్చుని పని చేస్తుంది, దాని వెనకాల ఊడ్చేవాళ్లు ఎవరూ ఉండరు. అది తిరిగివ్వకపోతే కెర్నల్ మళ్లీ మొదటినుంచి మొదలయ్యేదాకా ఆ మెమొరీ పోయినట్టే.

ఇక్కడే మీ షట్‌డౌన్ సంగతి. చాలామందికి తెలియదు, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా కెర్నల్ నిజంగా ఆగదు, దాని మెమొరీని ఉన్నది ఉన్నట్టు డిస్కులో దాచి పొద్దున్నే మళ్లీ ఎక్కించేస్తుంది, అంటే నిన్నటి లీక్ ఇవాళ్టికి ఓపెనింగ్ బ్యాలెన్స్. రీస్టార్ట్ నొక్కితే మాత్రం కెర్నల్ కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ముందు రీస్టార్ట్ కొట్టి ఆ అంకె చూడండి, రేపు మళ్లీ చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయొచ్చు కూడా, కానీ అది దొంగని పట్టుకోవడం కాదు, రోజూ తలుపు తాళం మార్చుకోవడం లాంటిది.

పట్టుకోవాలంటే పూల్‌మాన్ అనే చిన్న టూల్ ఉంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల డ్రైవర్ కిట్‌తో వస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి, నాన్-పేజ్డ్ మాత్రమే కనిపించేదాకా పి నొక్కండి, తర్వాత బి నొక్కితే ఎక్కువ బైట్లు తిన్నవాళ్లు పైకొస్తారు. ఎడమ పక్కన నాలుగక్షరాల ట్యాగ్ ఉంటుంది, మెమొరీ అడిగేటప్పుడు డ్రైవర్ వేసుకునే ముద్ర అది. సిస్టమ్32 లోపల డ్రైవర్స్ ఫోల్డర్‌కి వెళ్లి ఫైండ్‌స్ట్రింగ్ కమాండ్‌తో ఆ నాలుగక్షరాలు ఏ సిస్ ఫైల్లో ఉన్నాయో వెతికితే చాలాసార్లు పేరు బయటపడుతుంది. తర్వాత ఆ డ్రైవర్‌కి కొత్త వెర్షన్ ఉంటే వేయండి, కొత్తది వేశాకే గోల మొదలైతే డివైజ్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయండి. నా పాత ల్యాప్‌టాప్‌లో ఇదే జరిగితే రెండు వారాలు బ్రౌజర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా, చివరికి చూస్తే వైఫై డ్రైవర్, కంపెనీ పేరు ఎందుకులెండి.

ప్రశ్న (విశాఖ నుంచి): 2024 జులైలో ప్రపంచమంతా బ్లూ స్క్రీన్లు వచ్చాయి కదా, అది కూడా ఇలాంటి లీకేనా?

కాదండీ, మెమొరీ బగ్గే కానీ జాతి వేరు. జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఒక అప్‌డేట్ ఫైల్ వచ్చింది, ఆ ఫైల్‌కి 21 విలువలు కావాలి, వాళ్ల కోడ్ ఇచ్చేది 20. లేని ఆ 21వ దాని కోసం డ్రైవర్ తనది కాని చోట చెయ్యి పెట్టింది. మామూలు యాప్ అయితే అదొక్కటే చచ్చిపోయేది, ఇది కెర్నల్‌లో ఉంది కాబట్టి విండోస్ మొత్తాన్ని ఆపేసింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మెషిన్లు. పైగా అది బూట్ అయ్యేటప్పుడే లోడ్ అయ్యే డ్రైవర్, అందుకని రీస్టార్ట్ చేసినా మళ్లీ అదే నీలం, చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైల్‌ని చేత్తో డిలీట్ చేయాల్సొచ్చింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి ఫ్లైట్ ఎక్కినవాళ్లకి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులిచ్చిన ఫొటో మీరూ చూసే ఉంటారు.

ప్రశ్న (వరంగల్ నుంచి ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ కుర్రాడు): అన్నా, మా ప్రాజెక్టులో యూఎస్‌బీ సెన్సర్ బోర్డుకి లినక్స్ డ్రైవర్ రాశాను, డేటా బాగానే వస్తోంది. కానీ బోర్డుని ఓ యాభైసార్లు పీకి పెడితే ఫ్రీ మెమొరీ తగ్గిపోతోంది, డేటా చదువుతుండగా కేబుల్ పీకితే కెర్నల్ ఊప్స్ (కెర్నల్ లోపలే తప్పు జరిగిందనే ఎర్రర్) అని వచ్చి సిస్టమ్ బిగుసుకుపోతోంది. మా గైడ్‌ని అడిగితే డెమోలో పీకకు అన్నారు.

తమ్ముడూ, మీ గైడ్ గారు లౌక్యం తెలిసిన మనిషి. కానీ నువ్వు పంపిన కోడ్ కూర్చుని చదివా, రెండు జబ్బులూ కనిపిస్తున్నాయి, రెండూ ఒకే చోట పుట్టినవే.

మొదటిది లీక్. ప్రోబ్‌లో (బోర్డు పెట్టగానే కెర్నల్ పిలిచే నీ ఫంక్షన్) నీ డివైజ్ స్ట్రక్ట్‌కి (డివైజ్ వివరాలుంచే మెమొరీ ముక్క) కే-మల్లాక్ చేశావు, అంటే కెర్నల్‌ని మెమొరీ అడిగావు, దాంట్లో బఫర్‌కి ఇంకో కే-మల్లాక్, ఒక యూఆర్‌బీ (యూఎస్‌బీలో డేటా కోసం పంపే రిక్వెస్టు), యూఎస్‌బీ డివైజ్ మీద ఒక రెఫరెన్స్ (ఇంకా వాడుతున్నా అని వేసే లెక్క), ఇన్ని తీసుకున్నావు. డిస్‌కనెక్ట్‌లో (బోర్డు పీకినప్పుడు పిలిచేది) స్ట్రక్ట్ ఒక్కదాన్ని కే-ఫ్రీ చేసి, అంటే తిరిగిచ్చి, చేతులు దులిపేసుకున్నావు. లాకర్ తాళాలు లోపల ఉన్నాయని మర్చిపోయి బీరువాని పాత సామాన్ల వాడికి వేసేసినట్టు అన్నమాట, బఫర్ అడ్రస్ ఆ స్ట్రక్ట్‌లోనే ఉంది, అది పోయాక బఫర్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ముందు బఫర్, యూఆర్‌బీ, ఆ రెఫరెన్స్ ఇచ్చేసి ఆఖరున స్ట్రక్ట్ ఇవ్వాలి.

ఇంకోటి నీ కంటికి కనపడనిది. ప్రోబ్‌లో నాలుగో పని ఫెయిలైతే నువ్వు సింపుల్‌గా మైనస్ ఎర్రర్ రిటర్న్ చేసేశావు, మరి అప్పటిదాకా తీసుకున్న మూడూ? ప్రోబ్ ఫెయిలైతే కెర్నల్ నీ డిస్‌కనెక్ట్‌ని పిలవదు, అక్కడికక్కడ నువ్వే తిరిగివ్వాలి, అదీ తీసుకున్నదానికి ఎదురు వరసలో, చివర తీసుకుంది ముందు. కాలేజీలో గోటూ (కోడ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకించే మాట) వాడితే మార్కులు కట్ చేస్తారు గానీ కెర్నల్‌లో ఇక్కడ మాత్రం గోటూనే మర్యాద, కింద మెట్లలాగా లేబుళ్లు పెట్టుకుని ఏ మెట్టు దగ్గర జారితే అక్కణ్నుంచి కిందికి దిగుతూ రావడం. నిజంగా చెప్పాలంటే లినక్స్ డ్రైవర్లలో లీకులు ఎక్కువగా ఉండేది ఈ ఎర్రర్ దారుల్లోనే, ఎందుకంటే ఎవరూ ఆ దారిన నడవరు, మన టేబుల్ మీద మెమొరీ ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది కదా. కావాలని ఫెయిల్ చేయించడానికి కెర్నల్‌లోనే ఫెయిల్-స్లాబ్ అని ఒక సదుపాయం ఉంది, ఆన్ చేస్తే అప్పుడప్పుడూ కే-మల్లాక్‌కి లేదు పొమ్మంటుంది. ఒక రాత్రి దాంతో నడిపి చూడు.

ఇక ఊప్స్. ఇది లీక్‌కి తల్లకిందులు, ఇవ్వకూడని టైంలో ఇచ్చేయడం. కేబుల్ పీకినప్పుడు నీ యూఆర్‌బీ ఇంకా గాల్లోనే ఉంది, అది పూర్తయ్యాక కెర్నల్ నీ కంప్లీషన్ ఫంక్షన్‌ని పిలుస్తుంది, ఆ ఫంక్షన్ స్ట్రక్ట్‌ని ముట్టుకుంటుంది, నువ్వేమో దాన్ని అప్పటికే ఫ్రీ చేసేశావు. పెళ్లిలో ఆఖరి బంతి భోజనాలు నడుస్తుంటే టెంట్ హౌస్ వాళ్లు వచ్చి టెంట్ పీకేసినట్టు. ముందు యూఎస్‌బీ-కిల్-యూఆర్‌బీ పిలువు, అది యూఆర్‌బీ పూర్తిగా ఆగేదాకా వెయిట్ చేసి మరీ వెనక్కొస్తుంది, ఆ తర్వాతే ఫ్రీలు. నీ కోడ్‌లో టైమర్, వర్క్ క్యూ (తర్వాత చేయమని కెర్నల్‌కి అప్పగించే పనుల వరస) కూడా ఉన్నాయి, వాటినీ అంతే, ఆపి, ఆగాయని తేలాకే మెమొరీ జోలికి వెళ్లాలి. నీ టైమర్ వర్క్‌ని లేపుతోంది, వర్క్ మళ్లీ టైమర్‌ని పెడుతోంది, ఒకదాన్ని ఆపేలోపు రెండోది మొదటిదాన్ని లేపేస్తుంది. సరిగ్గా ఈ తలనొప్పి కోసమే 6.2 కెర్నల్‌లో టైమర్-షట్‌డౌన్-సింక్ వచ్చింది, దాంతో ఆపిన టైమర్ ఇక ఎవరు పెట్టినా లేవదు.

ఇంతా చేసినా ఇంకొకటి మిగులుతుంది. నీ పైథాన్ స్క్రిప్ట్ ఆ డివైజ్ ఫైల్‌ని ఓపెన్ చేసి పట్టుకునే ఉంది, బోర్డు పోయినా ఫైల్ పోలేదు, తర్వాతి రీడ్ మళ్లీ నీ పాత స్ట్రక్ట్‌కే వస్తుంది. దీనికి లెక్క పెట్టుకోవడం తప్ప దారి లేదు, కెర్నల్‌లో కే-రెఫ్ అంటారు. ఓపెన్ చేసినప్పుడు ఒకటి పెంచు, క్లోజ్‌లో ఒకటి తగ్గించు, డిస్‌కనెక్ట్‌లో డ్రైవర్ తన వంతు తగ్గించుకుంటుంది, సున్నా అయిన చోటే ఫ్రీ. డిస్‌కనెక్ట్ అయిందని స్ట్రక్ట్‌లో ఒక గుర్తు పెట్టుకుని, లాక్ పట్టుకుని చూసి, రీడ్ వస్తే డివైజ్ లేదని చెప్పి పంపేయ్. కెర్నల్ సోర్స్‌లో డ్రైవర్స్ కింద యూఎస్‌బీ ఫోల్డర్‌లో యూఎస్‌బీ-స్కెలిటన్ అని శాంపిల్ డ్రైవర్ ఉంది, ఇదంతా అందులో పద్ధతిగా రాసి ఉంది. యూట్యూబ్‌లో పది నిమిషాల్లో డ్రైవర్ రాయండి అనే వీడియోల కంటే అది నాలుగుసార్లు చదవడం నయం.

ఒట్టి కళ్లతో వెతక్కు. కెర్నల్‌ని కేమెమ్‌లీక్, కేసాన్ అనే తనిఖీ సదుపాయాలు ఆన్ చేసి బిల్డ్ చేసుకో, వర్చువల్ మెషిన్‌లో చాలు, యూఎస్‌బీ బోర్డుని దానికి పాస్ చేయొచ్చు. కేమెమ్‌లీక్ మెమొరీ అంతా తిరిగి, ఏ పాయింటరూ చూపించని ముక్కల్ని పట్టుకుని అవి ఏ ఫంక్షన్‌లో పుట్టాయో చెప్తుంది, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డీబగ్ ఫైళ్లుండే చోటు) దాని ఫైల్‌కి స్కాన్ అని రాస్తే అప్పటికప్పుడు వెతుకుతుంది. అప్పుడప్పుడూ తప్పుడు కేసులూ పెడుతుంది, కాబట్టి ప్రతీదీ నమ్మేయకు. కేసాన్ 2015లో 4.0 కెర్నల్‌తో వచ్చింది, ఫ్రీ చేసిన మెమొరీని ఎవరైనా ముట్టుకుంటే ఎవరు ముట్టుకున్నారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు ఇచ్చేశారు అని మూడింటి జాడా ఇస్తుంది, ఎనిమిదో వంతు మెమొరీ తను తింటుంది, స్లో కూడా, కానీ నువ్వు వారం రోజులు ప్రింట్‌కేలు (కెర్నల్ లాగ్‌లో రాయించే లైన్లు) పెట్టుకుంటూ కూర్చునే పని పది నిమిషాల్లో తేలుతుంది.

ప్రశ్న (హైదరాబాద్‌లో ఎంబెడెడ్ కంపెనీలో పనిచేసే ఒకావిడ): మేం అంతా డెవ్ఎమ్ ఫంక్షన్లే (తీసుకున్నవాటిని కెర్నలే తర్వాత తిరిగిచ్చేసేవి) వాడతాం, లీకులుండవని మా సీనియర్ ధైర్యం. అయినా మాడ్యూల్ తీసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ పిలిచినప్పుడు నడిచే కోడ్) క్రాష్. కేసాన్ యూజ్-ఆఫ్టర్-ఫ్రీ (ఇచ్చేసిన మెమొరీని మళ్లీ వాడటం) అంటోంది.

అంతా డెవ్ఎమ్ కాదు మేడమ్, మీ రిమూవ్ ఫంక్షన్‌లో ఎక్కడో ఒక కే-ఫ్రీ ఉండి ఉంటుంది చూడండి. డెవ్ఎమ్‌తో తీసుకున్నవన్నీ రిమూవ్ పూర్తయ్యాకే, అవీ ఎదురు వరసలో తిరిగెళ్తాయి. మీరు ఇంటరప్ట్‌ని డెవ్ఎమ్‌తో తీసుకుని, బఫర్‌ని మామూలుగా తీసుకుని రిమూవ్‌లో మీ చేత్తో ఫ్రీ చేస్తే, బఫర్ పోయింది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది, ఆ సందులో హార్డ్‌వేర్ ఒక్కసారి తలుపు కొట్టిందంటే అయిపోయింది. అయితే అన్నీ డెవ్ఎమ్, లేకపోతే అన్నీ చేత్తో, కలగాపులగం వద్దు. డెవ్ఎమ్ వెర్షన్ లేనిదానికి డెవ్ఎమ్-యాడ్-యాక్షన్-ఆర్-రీసెట్‌తో మీ ఫ్రీ ఫంక్షన్‌నే ఆ వరసలో కట్టేయొచ్చు. ఇంటరప్ట్ షేర్డ్ (వేరే డివైజ్‌లతో పంచుకునేది) అయితే డీబగ్-షేర్డ్-ఐఆర్‌క్యూ ఆప్షన్ ఆన్ చేయండి, హ్యాండ్లర్‌ని తీసేసే ముందు కావాలనే ఒకసారి పిలిచి చూస్తుంది, ఎప్పుడో వచ్చే క్రాష్ ప్రతిసారీ వస్తుంది, అదే మనకి కావాల్సింది.

మీ సీనియర్‌కి ఇంకోటి కూడా చెప్పండి, డెవ్ఎమ్ ప్రాణం డివైజ్‌తో పోతుంది, పైన వరంగల్ తమ్ముడి కేసులోలాగా యూజర్ ఫైల్ పట్టుకుని ఉంటే దానికి తెలియదు. క్యారెక్టర్ డివైజ్ (ఫైల్‌లా ఓపెన్ చేసి చదివే డివైజ్) స్ట్రక్ట్‌ని డెవ్ఎమ్‌తో తీసుకోవడం నాకైతే అస్సలు నచ్చదు. పవర్ వైపు కూడా ఒకటి, పీఎం-రన్‌టైమ్-గెట్-సింక్ (డివైజ్‌ని నిద్రలేపి, వాడుతున్నామని కౌంట్ పెంచే ఫంక్షన్) ఫెయిలైనా కౌంట్‌ని పెంచే ఉంచుతుంది, ఎర్రర్ వచ్చిందని వెనక్కెళ్లిపోతే ఆ కౌంట్ దిగదు, డివైజ్ ఇక నిద్రపోదు. 5.10 నుంచి రిజ్యూమ్-అండ్-గెట్ అని ఉంది, ఫెయిలైతే అదే తగ్గించేస్తుంది, అది వాడండి.

ప్రశ్న (విజయవాడ నుంచి): లినక్స్ కెర్నల్‌కి మొదటి ప్యాచ్ (కోడ్‌లో సవరణ) పంపాలనుంది. ఎర్రర్ పాత్‌లో ఆఫ్-నోడ్-పుట్ (తీసుకున్న రెఫరెన్స్‌ని తిరిగిచ్చే ఫంక్షన్) మిస్సయిన చోట్లు స్క్రిప్ట్‌తో దొరికాయి. పంపనా? అయినా రస్ట్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాష వస్తోంది కదా, ఇదంతా వేస్టా?

పంపండి, కానీ ఒక్కొక్కటీ చేత్తో చదివి. రెఫరెన్స్ కౌంట్ విషయంలో ముందు నుయ్యి వెనక గొయ్యి, పుట్ ఒకటి తక్కువైతే లీక్, ఒకటి ఎక్కువైతే యూజ్-ఆఫ్టర్-ఫ్రీ, రెండోది చాలా ప్రమాదం. కొన్ని ఫంక్షన్లు మీరిచ్చిన రెఫరెన్స్‌ని అవే తగ్గించేస్తాయి, స్క్రిప్ట్‌కి అది తెలియదు. ఇలా మంచి ఫిక్స్‌లా కనిపిస్తూ బగ్ పెట్టే ప్యాచ్‌లు పంపి రీసెర్చ్ చేశారనే కదా 2021 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మిన్నెసోటా యూనివర్సిటీ మొత్తాన్ని వద్దన్నది. అప్పట్నుంచి ఎర్రర్ పాత్ ప్యాచ్ అంటే మెయింటెయినర్లు (కోడ్ చూసి ఒప్పుకునేవాళ్లు) కళ్లజోడు సర్దుకుని చూస్తారు.

రస్ట్ 2022 డిసెంబర్‌లో 6.1తో వచ్చింది నిజమే, యూజ్-ఆఫ్టర్-ఫ్రీలు చాలావరకు కంపైల్ దగ్గరే ఆగుతాయి. లీక్‌ని మాత్రం రస్ట్ తప్పుగా చూడదు. పైగా కెర్నల్‌లో ఉన్న కోట్ల లైన్ల సీ డ్రైవర్లు రేపు పొద్దున్నే ఎక్కడికీ పోవు. మీరు మాత్రం హార్డ్‌వేర్ మీద టెస్ట్ చేయకపోతే చేయలేదని ప్యాచ్‌లోనే రాయండి, ఏ కమిట్‌తో (కోడ్‌లో చేరిన మార్పు) బగ్ వచ్చిందో ఫిక్సెస్ లైన్ పెట్టండి, ఒకేసారి నలభై కాకుండా ముందు రెండు పంపి ఏమంటారో చూడండి.