తమ్ముడి ఆస్తమా చూసి మైక్రోబయాలజీ చదవాలనుకుంటున్నా

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఆరేళ్ల తమ్ముడికి ఆస్తమా, డాక్టర్ రోజూ ఇన్‌హేలర్ వాడమన్నారు. బంధువులొకరు మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుందనే ప్రోబయోటిక్ పొడి తెచ్చి, ఇది వేస్తే ఇన్‌హేలర్ మానేయొచ్చన్నారు. నిజమా సార్? సూక్ష్మజీవుల గురించి చెప్పే మైక్రోబయాలజీయే చదివితే భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ముందు తమ్ముడి సంగతి. ఇన్‌హేలర్ ఆపొద్దమ్మా, ఒక్క పూట కూడా. ఊపిరి గొట్టాల్లో వాపును అదుపులో ఉంచేది ఆ మందే. ప్రోబయోటిక్ ఆ పని చేస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు.

అలాగని ఆ ఆలోచన ఊరికే పుట్టింది కాదు. పేగుల్లోని సూక్ష్మజీవులు పసితనంలో మన రోగనిరోధక శక్తికి ఏది శత్రువో, ఏది కాదో నేర్పుతాయి. 2001లో ఫిన్లాండ్ పరిశోధకులు లాక్టోబాసిల్లస్ జీజీ అనే బ్యాక్టీరియాను గర్భిణులకు, కాన్పయ్యాక తల్లికో బిడ్డకో ఆరు నెలలపాటు ఇచ్చి చూస్తే, రెండేళ్ల వయసుకి పిల్లల్లో ఎగ్జిమా, అంటే చర్మం దురదపెట్టే అలర్జీ జబ్బు, సగానికి తగ్గింది. ఆ పిల్లలు పెరిగాక చూస్తే ఆస్తమా మాత్రం తగ్గలేదు. ఎందుకు? నువ్వు చదవాల్సింది అక్కడే ఉంది.

ఆ ప్యాకెట్ తిప్పి వెనక చూడు. బ్యాక్టీరియా పేరు పక్కన అక్షరాలో అంకెలో ఉంటే అది స్ట్రెయిన్ గుర్తు, అంటే ఒకే జాతి బ్యాక్టీరియాలో ఏ రకమో చెప్పేది. ఒక స్ట్రెయిన్ చేసే పని ఇంకోటి చేయకపోవచ్చు. సీఎఫ్‌యూ అంటే బతికున్న బ్యాక్టీరియా లెక్క. మన మే నెల ఎండలో రేకుల షాపులో మగ్గిన పొడిలో ఎన్ని బతికుంటాయి? అది తేల్చడానికి పొడిని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేసి, బ్యాక్టీరియాకు మేత ఉన్న అగార్ ప్లేటు మీద వేసి, రెండు మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో పెట్టి, బతికున్న బ్యాక్టీరియా పెరిగి పైకి తేలిన చుక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెడతారు. ఆ ఓపిక నీకుందనిపిస్తే ధైర్యంగా రా.

బీఎస్సీ మైక్రోబయాలజీ తర్వాత ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాస్తే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ (ఎస్కేయూ), కడప యోగి వేమన యూనివర్సిటీలు దగ్గర్లోనే ఉన్నాయి. బయటి యూనివర్సిటీల్లో బయోటెక్నాలజీ పీజీకి గాట్-బి అనే ప్రవేశ పరీక్ష రాయి. పరిశోధనకు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. డెయిరీల్లో, ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలుంటాయి కానీ మొదటి జీతం తక్కువే, ఇంట్లో ముందే చెప్పు. స్టాటిస్టిక్స్ వదలొద్దు. బైపీసీ పిల్లలు లెక్కలంటే తప్పుకుంటారు, నాకదే బాధ. మందు పనిచేసిందా లేదా తేల్చేది ఆ లెక్కలే.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లి చూపించు. బుడ్డల (వేరుశనగ) మిషన్ ఆడే రోజు తమ్ముణ్ణి కళ్లం దగ్గరికి పోనివ్వకు, ఆ దుమ్ము వాడికి పడదు.