గ్రిడ్ రోడ్డు వద్దు, ఎర్ర దారి పట్టండి
ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌కి కొత్తగా వచ్చాం, పాపతో సైకిల్ మీద విల్లెన్ సరస్సుకి వెళ్దామంటే రౌండెబౌట్లు చూసి టెన్షన్‌గా ఉంది అన్నారు కదండీ. అసలు వాటి జోలికే పోనక్కర్లేదు. 1967లో మొదలుపెట్టి ప్లాన్ ప్రకారం కట్టిన ఊరిది. నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ విడిగా ఎర్ర తారు దారులు వేశారు, రెడ్‌వేలంటారు. మొత్తం 200 మైళ్ల పైనే ఉంటాయి. ఊరిని గళ్లుగా విడగొట్టే పెద్ద రోడ్డు, అదే గ్రిడ్ రోడ్డు, అడ్డొస్తే అండర్‌పాస్‌లోంచో, వంతెన మీంచో దాటేస్తాం.

మీరు సెంటర్‌లోనే ఉంటున్నారు కాబట్టి క్యాంప్‌బెల్ పార్క్‌లోంచి దిగి, కాలువ దాటితే సరస్సు దగ్గరే. ఒడ్డున 1980లో కట్టిన తెల్లటి పీస్ పగోడా (బౌద్ధుల శాంతి స్తూపం) కూడా పాపకి చూపించండి.

అసలు చిక్కల్లా దారి తప్పడమే. అన్ని మలుపులూ ఒకేలా ఉంటాయి. మొదటి వారం నేను అరగంట తిరిగి, బయల్దేరిన అండర్‌పాస్‌కే వచ్చి నిలబడ్డాను! మ్యాప్‌లో సైకిల్ మోడ్ పెట్టుకోండి. ఇళ్ల మధ్య చిన్న రోడ్లు దాటే చోట మాత్రం పాపని ఆపి, అటూ ఇటూ చూడండి, అక్కడ కార్లొస్తాయి. రాలిన ఆకులు తడిస్తే జర్రున జారతాయి, బ్రేక్ మెల్లగా వేయమనండి. బెల్లు తప్పనిసరిగా బిగించుకోండి, కుక్కల్ని తిప్పేవాళ్లు ఎక్కువ.