వన్‌టౌన్ పాతిల్లు అమ్మేయాలా, బాగుచేయించుకుని అందులోనే ఉండాలా?

నమస్తే అండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇలాంటి ఇల్లే ఉన్న వాళ్లు వైజాగ్‌లో చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం మీ సంగతి ముందు క్లుప్తంగా చెప్పేస్తా.

వన్‌టౌన్‌లో తాతగారు కొన్న 160 గజాల ఇల్లు. ముందు అరుగు, మధ్యలో టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ కప్పు (ఇటుకలు, సున్నంతో వేసే పాతకాలపు మిద్దె), వెనక వంటిల్లు పెంకులది. తాతగారు నాన్నగారి పేరున వీలునామా రాశారు, నాన్నగారు మాత్రం ఏమీ రాయకుండానే నాలుగేళ్ల కిందట పోయారు. అమ్మగారికి 71, ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు, ముందు వాటాలో వాళ్లు 6 వేలు అద్దె ఇస్తున్నారు. మీరేమో మధురవాడలో 17 వేల అద్దె, 2,500 మెయింటెనెన్స్ కడుతూ రోజూ హనుమంతవాక, మద్దిలపాలెం ట్రాఫిక్ దాటుకుని పోర్టు దగ్గర ఆఫీసుకి వస్తున్నారు, మీ ఆవిడగారి స్కూలు కూడా డాబాగార్డెన్స్‌లోనే. నెలకి పెట్రోలు 6,500. ఇల్లు అమ్మితే కోటి పది లక్షలు ఇప్పిస్తానని బ్రోకర్ అంటున్నాడు, పక్కింటిది కూడా కలిపి డెవలప్‌మెంట్‌కి ఇస్తే రెండు ఫ్లాట్లు ఇస్తానని ఒక బిల్డరు, బాగుచేయడానికి మేస్త్రీ ఇచ్చిన లెక్క 14 లక్షలు. మీ దగ్గర ఎఫ్‌డీలు 9 లక్షలున్నాయి. చెల్లెలు కాకినాడలో, "నాకేం వద్దన్నయ్యా" అంది. ఇప్పుడేం చెయ్యాలి, ఇదీ మీ ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తా, బాగుచేయించుకుని అక్కడికే వెళ్లండి, కానీ కాగితాలు తేలకుండా ఆ ఇంటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

ఎందుకంటే ఉత్తరం నిండా మీరు "మా ఇల్లు" అని రాశారు గానీ చట్టప్రకారం అందులో మీది మూడో వంతే. నాన్నగారు వీలునామా రాయలేదు కాబట్టి అమ్మగారికి, మీకు, చెల్లెలికి ముగ్గురికీ సమానంగా వస్తుంది. (తాతగారి వీలునామా అసలు కాగితం ఎక్కడుందో ఈ వారమే వెతకండి, అది లేకపోతే మీ మేనత్తలూ బాబాయిలూ కూడా లెక్కలోకి వస్తారు.) చెల్లెలు వద్దన్న మాట ప్రేమతో అన్నదే, నేను కాదనను, కానీ నోటి మాటతో హక్కు పోదు, రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉంటేనే పోతుంది. పదేళ్ల తర్వాత వాళ్ల పిల్లల చదువులకి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు మీరు పెట్టిన 14 లక్షల సంగతి ఎవరికీ గుర్తుండదు, ఇద్దరూ బాధపడతారు. మా కుటుంబంలో అచ్చం ఇదే జరిగింది, అల్లిపురంలో మా అమ్మమ్మగారి ఇంటి పైన మా మావయ్య స్లాబ్ వేయించాడు, వాటాల దగ్గరికి వచ్చేసరికి ఆ ఖర్చు ఎవరు భరించాలని మొదలై ఆరేళ్లు మాటల్లేవు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నేనైతే చెల్లెలిని వాటా వదులుకోమని అడగను. ఆవిడ వాటా ఆవిడకే ఉండనిచ్చి, ముగ్గురూ కూర్చుని ఒక ఒప్పందం రాసుకోండి, రిపేరుకి ఎవరు ఎంత పెట్టారు, రేపు అమ్మితే ముందు ఆ డబ్బు వెనక్కి తీసుకుని మిగతాది ఎలా పంచుకోవాలి, అందులో ఉంటున్నందుకు మీరు చెల్లెలికి ఏమైనా ఇవ్వాలా, ఇవన్నీ. అమ్మగారు తన వాటాకి వీలునామా రాస్తే ఇంకా మంచిది, అడగడానికి మొహమాటంగా ఉంటుంది, తెలుసు, అయినా అడగండి. నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపించే పత్రం), విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీలో ఇంటిపన్ను పేరు మార్పు, ఈ నాలుగూ ఎటూ కావాలి. ఇంటిపన్ను రసీదు నాన్నగారి పేరు మీద ఉంది కదా చాలు అని రాశారు, అది హక్కు పత్రం కాదండి.

ఇక అమ్మకం సంగతి. కోటి పది లక్షలు వినడానికి పెద్దగానే ఉంటుంది, మూడు వాటాలు చేస్తే ఒక్కొక్కరికి 36 లక్షల 67 వేలు, మీదీ అమ్మగారిదీ కలిపితే 73 లక్షల చిల్లర. మీరు చూసి వచ్చిన మధురవాడ ఫ్లాటు 75 లక్షలు, దానికి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, ఇంకా కడుతున్న ఫ్లాటే కాబట్టి జీఎస్టీ 5 శాతం, రెండూ కలిపి 9 లక్షలు దాటిపోతుంది. అంటే నడిబొడ్డున ఉన్న 160 గజాల నేల ఇచ్చేసి, ఎఫ్‌డీలు కూడా ఊడ్చేసి, ఇంకా కొంత అప్పు చేసి, అక్కడ రెండు బెడ్‌రూముల్లోకి వెళ్తారు, వెళ్లాక కూడా ఆ మెయింటెనెన్సూ ఆ పెట్రోలూ ఎక్కడికీ పోవు.

ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద కట్టే క్యాపిటల్ గెయిన్స్ పన్నుకి మీరు భయపడినంత అవసరం లేదు. వారసత్వంగా వచ్చిన ఇల్లు కాబట్టి తాతగారు కొన్న రోజు నుంచే లెక్క, కొన్న ధర బదులు 1 ఏప్రిల్ 2001 నాటి విలువ వేసుకోవచ్చు, అయితే అది అప్పటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ దాటకూడదు. 23 జూలై 2024 కంటే ముందునుంచీ ఉన్న ఆస్తికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న విలువను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. మీరూ అమ్మగారూ రెండేళ్లలోపు ఇల్లు కొంటే ఆ మేరకు మినహాయింపు వస్తుంది, చెల్లెలు ఇల్లు కొననంటే ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెట్టుకోవచ్చు, 50 లక్షల దాకా, ఐదేళ్లు కదపకూడదు. కాబట్టి అమ్మొద్దు అంటున్నది పన్ను భయంతో కాదు.

బిల్డరు సంగతి జాగ్రత్త. మీ వీధి ఎంత వెడల్పో మీరే రాశారు, ఆటో వస్తే ఎదురొచ్చే బండి ఆగాలి అని. ఎన్ని అంతస్తులకి పర్మిషన్ ఇస్తారన్నది రోడ్డు వెడల్పును బట్టే ఉంటుంది. పైగా ఇప్పుడు మీ గోడ హద్దు దాకా ఉంది, ఒకసారి కూల్చి కొత్త ప్లాన్ పెట్టారంటే నాలుగు వైపులా సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా, వదలాలి, రోడ్డు వెడల్పు చెయ్యాలంటే ముందు కూడా పోతుంది. పాత ఊళ్లో పాత ఇంటికి ఉన్న లాభమే అది, కూల్చిన రోజే పోతుంది. రెండు ఫ్లాట్లు అన్నాడు గానీ ఎన్ని చదరపు అడుగులు, నేలలో మీ వాటా ఎన్ని గజాలు, కట్టేదాకా అమ్మగారి అద్దె ఎవరిస్తారు, ఇవేవీ మీ ఉత్తరంలో లేవంటే ఆయన చెప్పలేదనే నేను అనుకుంటున్నా.

ఇప్పుడు ఉండిపోతే లెక్క చూద్దాం. అద్దె, మెయింటెనెన్స్ 19,500 మిగులుతుంది, పెట్రోలు 1,500కి వస్తుందనుకుంటే ఇంకో 5 వేలు, ముందు వాటా ఖాళీ చేయించాలి కాబట్టి 6 వేల అద్దె పోతుంది, మొత్తం మీద నెలకి 18,500 మిగులు, ఏడాదికి 2 లక్షల 22 వేలు. పాతింటి పనిలో మేస్త్రీ చెప్పింది ఎప్పుడూ సరిపోదు, 16 లక్షలు వేసుకోండి, ఏడేళ్ల చిల్లరలో తిరిగి వచ్చేస్తుంది. ఎఫ్‌డీలన్నీ తియ్యొద్దు, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, కనీసం 3 లక్షలు కదపకుండా ఉంచండి. 6 లక్షలు మీవి, 8 లక్షలు హోమ్ రిపేర్ లోన్, అది 9 శాతం మీద ఏడేళ్లకి నెలకి 12,900 దగ్గర పడుతుంది, మిగిలే 18,500లో సరిపోతుంది. తక్కువ పడ్డ 2 లక్షలకి వెనక పెంకుల వంటిల్లు పని రెండో ఏడాదికి వాయిదా వేయండి, ఏమీ మునిగిపోదు. లోన్‌కి ముగ్గురు సంతకాలూ అడుగుతారు, కాగితాలు ముందు అన్నది ఇందుకు కూడా.

లెక్కలోకి రానిది ఇంకోటుంది. ఊరు మొదలైందే అక్కడ కాబట్టి 1860 నాటి ఏవీఎన్ కాలేజీ, కేజీహెచ్ పెద్దాసుపత్రి, కలెక్టరాఫీసు, పూర్ణా మార్కెట్ అన్నీ ఆ చుట్టుపక్కలే. రాత్రి పదింటికి అమ్మగారికి ఆయాసం వస్తే మధురవాడ నుంచి రావడం వేరు, వన్‌టౌన్ నుంచి కేజీహెచ్‌కి వెళ్లడం వేరు. ఆ అరుగు మీద కూర్చుంటే ఆవిడని పలకరించేవాళ్లు రోజుకి పదిమంది ఉంటారు, ఐదో అంతస్తు ఫ్లాట్‌లో అది ఎంత డబ్బిచ్చినా రాదండి. ఇబ్బందులు లేవని కాదు, కారు పెట్టడానికి చోటు లేదు, నెలవారీ ఎక్కడైనా అద్దెకి చూసుకోవాలి, మార్గశిర గురువారాలు బురుజుపేట అమ్మవారి గుడి వైపు బండి తియ్యలేరు. మీ ఆవిడగారు, పిల్లలు దీనికి మనస్ఫూర్తిగా సరే అన్నారా అన్నది మీరు రాయలేదు, అడగండి.

రిపేరు గురించి ఒక్క మాట, ఇది డబ్బు మాటే. మేస్త్రీ లెక్కలో "గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్" అని 2 లక్షల 40 వేలు చూశాను. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు, నేల తేమ లాక్కుని బయటికి వదులుతూ ఉంటాయి, పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి రెండు మూడు వర్షాకాలాలకి తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. కోటవీధిలో నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇంట్లో గోరుతో గీకితే పిండిలా రాలడం నేను చూశాను, మళ్లీ అంతా కొట్టించి సున్నమే పూయించారు, రెండుసార్లు ఖర్చు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువే గానీ ఉన్నారు, వెతకండి.

ఇంటికి ఇన్సూరెన్స్ లేదన్నారు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊళ్లో ఉండి ఇన్సూరెన్స్ లేకుండా ఉండొద్దు. భారత్ గృహ రక్ష అని అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గరా ఒకే రకం పాలసీ ఉంటుంది, తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ వస్తాయి. నేల ధర కాకుండా తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకే చేయించండి, అందుకే ప్రీమియం మీరు అనుకునేదానికంటే తక్కువే ఉంటుంది.

నా సలహా మారే సందర్భం ఒక్కటే. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిచి ఆ టేకు దూలాల కొసలు, గోడలోకి దూరిన చోట, సుత్తితో కొట్టి చూడమనండి. గట్టిగా ఖంగుమంటే పని మొదలుపెట్టుకోవచ్చు, డొల్లగా మోగితే చెద లోపలికి వెళ్లిందన్నమాట, అప్పుడు 16 లక్షలు 25 అవుతుంది, ఆ రిపోర్టు పెట్టి మళ్లీ నాకు రాయండి, లెక్క మొదటి నుంచి వేద్దాం. ఈలోపు పండక్కి చెల్లెలు వస్తున్నారన్నారు కదా, తాతగారి వీలునామా, ఈసీ చేతిలో పెట్టుకుని అమ్మగారి ఎదురుగానే మాట్లాడండి.